కళ్ళు పెట్టిన బొమ్మ

ఒక భయాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. అది నా నడకలో కలిసిపోయింది. ఆదోని మార్కెట్ యార్డు ముందునుంచి పోవలసి వస్తే సందులు చుట్టి పోతాను. చిప్పగిరి బస్సు ఎదురొస్తే తల దించుకుంటాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగివుంటే ఏదో ఒక అబద్ధం చెప్పేవాణ్ణి.

ఇది రాసిపెట్టకపోతే ఒక మనిషి చావు నాతోనే పోతుంది. ఆ చావును దాచుకునే హక్కు నాకు లేదు. నోటితో చెబుదామని బయలుదేరి, బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చాను. అందుకే రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యం.

మాది ఎమ్మిగనూరు. బడి మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత చదివిందంతా గ్రంథాలయంలోనే. గిడ్డయ్యగారని అక్కడ చూసుకునే పెద్దమనిషి, నేను పోతే బీరువా తాళాలు నా చేతికే ఇచ్చేవారు. కాలేజీకి పోయినవాళ్ళ కంటే నాకే ఎక్కువ తెలుసని గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ గర్వం లేకపోతే ఇదేదీ జరిగేది కాదేమో. లేక గర్వం మీదికి నెట్టి నేను తప్పించుకుంటున్నానా?

ఆదోనిలో ఖాజా సాబ్ ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. సినిమా మొదలయ్యే ముందు తెరమీద పడే ప్రకటనల స్లయిడ్లు మేమే చేసేవాళ్ళం. ఫిల్మును రెండు గాజుపలకల మధ్య పెట్టి, అంచులకు నల్లకాగితం అంటించి, సన్నకుంచెతో రంగులు వేయాలి. ఇంకో పని కూడా ఉండేది. కొన్ని ఇళ్ళలో మనిషి బతికుండగా ఫోటో తీయించరు. పోయిన తర్వాత గోడకు ఆనించి కూర్చోబెట్టి తీయిస్తారు. ఆ మూసిన రెప్పల మీద నేను కళ్ళు గీసేవాణ్ణి. దాన్ని మేము కళ్ళు పెట్టడం అనేవాళ్ళం. నేను పెట్టిన కళ్ళు చూసి, అచ్చం మా నాయనే అని ఏడ్చినవాళ్ళున్నారు.

చూసిన బొమ్మ కంటిలో ఒక్క క్షణం నిలిచి ఉంటుందని, ఆలోగా ఇంకో బొమ్మ చూపిస్తే కదిలినట్టు కనబడుతుందని ఒక పుస్తకంలో చదివాను. అది పట్టుకుంది నన్ను. రెండు బిస్కెట్ డబ్బాలు, రెండు బల్బులు, స్టూడియోలో మూల పడివున్న పాత అద్దాలు. రెండు డబ్బాల వెలుగూ ఒకే చోట పడేటట్టు అమర్చి, ముందు ఒక అట్టముక్క ఆడించాను. అట్ట ఇటు జరిగితే ఒక బొమ్మ, అటు జరిగితే ఇంకొకటి. జెండా ఎగిరింది. ఎద్దు తల ఊపింది. ఇక మనిషి రెప్పలాడించాలి. అందుకు ఒకే మనిషివి రెండు ఫోటోలు కావాలి, కళ్ళు తెరిచి ఒకటి, మూసుకుని ఒకటి.

ఎమ్మిగనూరులో మా వీధిలో మగ్గం నేసే రంగన్నను అడిగాను.

"కండ్లు మూసుకోని ఫోటో దిగాల్నా?" అన్నాడు. "నేనింకా బతికే ఉండానప్పా. సచ్చినాక పిలువు, నువ్వు సెప్పకుండానే మూసుకుంటా."

ఎవరిని అడిగినా అదే. కళ్ళు మూసిన ఫోటో మా దిక్కున పీనుగదే.

అప్పుడు నాకు ఆ నెగటివ్ గుర్తొచ్చింది. కొన్ని నెలల ముందు రైలు పట్టాల పక్కన ఒక శవం దొరికితే పోలీసులు ఖాజా సాబును పిలిపించి ఫోటో తీయించారు. ముఖానికి దెబ్బ లేదు. నిద్రపోతున్నట్టు ఉంది. ఆనవాలు పట్టేవాళ్ళెవరూ రాలేదు. పట్టాల అవతలి బీడులో పూడ్చారు. నెగటివ్ స్టూడియోలోనే ఉండిపోయింది. ఎవరూ లేనివాడు కదా అనుకున్నాను. ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను, బాగా గుర్తుంది. రెండు స్లయిడ్లు చేశాను. ఒకటి ఉన్నది ఉన్నట్టు. రెండోదానికి కళ్ళు పెట్టాను. అంత బాగా ఎప్పుడూ పెట్టలేదు.

దసరాకు మా వీధిలో ఆట పెట్టాను. రంగన్న తెల్లపంచె ఇచ్చాడు, గోడకు కట్టాం. ఎద్దు తల ఊపితే పిల్లలు ఈలలేశారు. చివర ఆ ముఖం వచ్చింది. రెప్పలు మూసింది. తెరిచింది.

"ఎవురప్పా ఈ పెండ్లికొడుకు? ఆడోళ్ళను సూసి కన్ను కొడతాండాడు," అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

దీపం వేసి, సాయం చేసినవాళ్ళ పేర్లు చెప్పి నమస్కారం పెట్టాలని అనుకున్నాను. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. నోరు తెరిచేలోగా జనంలోంచి ఒకామె లేచి వచ్చింది. చిప్పగిరి దగ్గరి పల్లె ఆమెది. పేరు నరసమ్మ. పండగకు చెల్లెలింటికి వచ్చిందట.

"అన్నా, ఆ బొమ్మ యాడ తీసినావు?"

ఆమె ఇంకా దగ్గరికి వచ్చింది.

"ఆయప్ప నా మొగుడు. ఉరుకుందప్ప. కొట్లాడి పోయినాడు, పత్తి మిల్లులో పని సూసుకుంటానని. ఎప్పుడు తీసినావన్నా?"

పోలీసుల నెగటివ్. చచ్చినవాడి ముఖంతో ఆట. వీధంతా నన్నే చూస్తోంది. నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క మాట. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. వచ్చింది వేరే.

"మొన్ననే. ఆదోని మార్కెట్ యార్డు కాడ. పత్తిబండ్లు దింపుతా ఉండె."

"బాగుండాడా?"

"బాగుండాడు."

"సన్నబడినట్ల ఉండాడే."

"ఎండకు," అన్నాను.

ఆమె తెర వైపు చూసింది. పంచె తప్ప అక్కడేమీ లేదు. "మల్లా కనపడితే ఇంటికి రమ్మను. నాకు కోపం లేదని సెప్పు," అంది.

ఆ తర్వాత ప్రతి ఏడూ పత్తి దిగే కాలంలో ఆమె యార్డు గేటు పక్కన కూర్చునేది. బండి దిగే ప్రతి మనిషి ముఖమూ చూసేది. నేను దూరంనుంచి చూసి సందులోకి తిరిగేవాణ్ణి. స్టూడియోకూ వచ్చేది. కళ్ళు పెట్టిన ఆ ఫోటోనే అడిగి తీసుకుపోయింది. వచ్చినప్పుడల్లా నాకని కొంగులో శనక్కాయలు తెచ్చేది, మొగుడి జాడ చెప్పిన అన్ననని. నేను తిన్నాను. ఆమె నుదుట బొట్టు అట్లాగే ఉండేది. ఆ బొట్టు నా అబద్ధం మీద నిలబడి ఉంది.

ఇంకో భయం కూడా ఉంది. ఇది ఇంతవరకూ నాకు నేను కూడా సరిగ్గా చెప్పుకోలేదు. నిజం తెలిస్తే ఆమె నన్నేం చేస్తుందోనని కాదు. ఏమీ చేయకుండా, ఊరికే నా ముఖం చూస్తుందేమోనని.

నిరుడు యార్డు దగ్గర మళ్ళీ కనబడింది. చూపు మందగించినట్టుంది. బండి దిగినవాళ్ళ దగ్గరికి పోయి, ముఖంలో ముఖం పెట్టి చూస్తోంది. ఒకతను విసుక్కుని నెట్టాడు. నేను సందులో నిలబడే ఉన్నాను.

ఆమెకు చదువు రాదు. ఇది ఎవరో ఒకరు ఆమెకు చదివి వినిపించాలి. పట్టాల అవతలి బీడులో చోటు చూపించడానికి నేను వస్తాను. ఆమె రమ్మంటేనే వస్తాను. క్షమించమని ఇందులో ఎక్కడా రాయలేదు, చూడండి. అడిగే ముఖం లేదు.

ఆ సాయంత్రం చెప్పలేకపోయిన పేర్లు ఇప్పుడు చెబుతాను. తాళాలు నా చేతికిచ్చిన గిడ్డయ్యగారికి నమస్కారం. పని నేర్పిన ఖాజా సాబుకు నమస్కారం, ఆయన ఈ సంగతి తెలియకుండానే పోయాడు. పంచె ఇచ్చిన రంగన్నకు, కళ్ళు మూసుకోనన్నందుకు కూడా. శనక్కాయలు పెట్టిన నరసమ్మకు.

ఆ రోజు నేను సిద్ధం చేసుకున్న పేర్లలో ఒకటి లేదు. అప్పటికి నాకు తెలియదు. ఉరుకుందప్పకు నమస్కారం. ఉరుకుందప్ప చనిపోయాడు. నేను ఆయన చేత రెప్పలాడించకముందే చనిపోయాడు.

రాశాను.