మిడతల ఊరికి నాలుగు రోజులు

మెక్సికో వెళ్లాలన్న ఆలోచన నాది కాదు. మా ఆయనకు కంపెనీ మీటింగ్ అక్కడ పడింది. అది అయ్యాక మేమూ వెళ్లి కలుసుకుంటే నాలుగు రోజులు ఎక్కడైనా తిరిగి రావచ్చన్నాడు. కరోనా వచ్చినప్పటి నుంచి షార్జా దాటి మేం పెద్దగా ఎక్కడికీ పోలేదు. మా అందరికీ ఉన్నట్టు పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉన్నవాళ్లకు మెక్సికో వీసా అక్కర్లేదని తెలిశాక ఇక ఆయన్ను ఆపడం ఎవరి వల్లా కాలేదు. వహాకా అనే పాత ఊరు ఎంచుకున్నాడు. రంగురంగుల గోడలు, రాతి చర్చిలు, మగ్గాలు, చెక్కబొమ్మలు చేసేవాళ్లు, వీధికో చిత్రకారుడు. ఏ పూట ఎక్కడ ఉండాలో ఎక్సెల్ షీటులో రాసుకుని, ఒక శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ టీవీలో పెట్టి అందరికీ చూపించాడు.

అందరమూ అంటే నేను, ఆయన, పదహారేళ్ల అమ్మాయి, పన్నెండేళ్ల బాబు, విజిట్ వీసా మీద విజయవాడ నుంచి వచ్చిన అత్తయ్య. వంటగదిలోంచి వేడివేడిగా చపాతీలు తెచ్చి వడ్డిస్తున్నది మా ఇంట్లో వంట చేసే ఆమె. ఆమెదీ నాదీ ఒకే జిల్లా, కడప. పెళ్లయి విజయవాడ వాళ్లింట అడుగుపెట్టిన ఏడాదికే నా యాస నేను మింగేశాను. ఆమెతో వంటగదిలో ఉన్నప్పుడు మాత్రం అది మళ్లీ బయటికొచ్చేది. అత్తయ్య నిద్రపోయే మధ్యాహ్నాల్లో ఇద్దరం రాగి సంగటి చేసుకుని, నిలబడే తినేవాళ్లం. నన్ను అక్కా అని పిలిచేది. తన వంట గురించి ఎవరైనా మంచి మాట అంటే ఆ రోజంతా ఆమె ముఖం వెలిగిపోయేది.

టీవీలో వహాకా సంత వచ్చింది. గంపల నిండా ఎర్రగా వేయించిన మిడతలు. వాటి మీద నిమ్మకాయ పిండుకుని, గుప్పెట్లతో తింటున్నారు జనం. అమ్మాయి కెవ్వుమంది. బాబు వాంతి చేసుకుంటున్నట్టు నటించాడు. అత్తయ్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది, టీవీలోంచి వాసన వస్తుందన్నట్టు. ఆయనకు మాత్రం మహా సంబరంగా ఉంది.

"అక్కడ ఇదే స్పెషల్. తలా ఒకటి తిని వీడియో తీద్దాం" అంటూ షీటులో రెండో రోజు సాయంత్రం దగ్గర 'మిడతలు' అని రాశాడు.

చపాతీల పళ్లెంతో నిలబడి చూస్తున్న ఆమె నవ్వేసింది. "ఇంతేనా పాపా! మేము చిన్నప్పుడు ఉసుళ్లు తింటాంటిమి. తొలి వాన పడంగానే పుట్టలోనుంచి లేస్తాయి గదా. రెక్కలు చెరిగేసి, ఏంచి, బొరుగుల్లో కలుపుకుంటే ఈ మిడతలు యాడికి పనికొస్తాయి!" అని నా వైపు తిరిగింది. "అక్కకు తెలుసు. ఏమక్కా?"

తెలుసు. దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టి మా అమ్మ వాటిని పట్టేది. వేయించినవి పరికిణీ కుచ్చెళ్లలో మూటగట్టుకుని బడికి పట్టుకెళ్లేదాన్ని. వేరుశనగ గింజల కన్నా కమ్మగా ఉండేవి.

"ఛీ, మా ఇంట్లో అలాంటివి ఎప్పుడూ లేవమ్మా" అన్నాను, శుద్ధమైన విజయవాడ తెలుగులో.

ఆమె బాబు ప్లేటులో ఒక చపాతీ వేసి లోపలికి వెళ్లింది. వాడు దాన్ని ముట్టుకోకుండా ప్లేటు పక్కకు జరిపాడు. అత్తయ్య గొంతు తగ్గించింది కానీ, వంటగదికి వినపడనంతగా కాదు.

"రెక్కలొచ్చిన చెదపురుగులే కదే ఉసుళ్లంటే! అవి తిన్న చేతులమ్మాయ్ అవి. రేపట్నుంచి వంట నువ్వే చూసుకో. ఆవిడ చేత అంట్లు తోమించు, చాలు."

ఆయన విన్నాడు. విని, షీటులో మూడో రోజుకు వెళ్లాడు. నేను సరే అత్తయ్యా అన్నాను. ఆ 'సరే' ఇవాళ తలచుకున్నా నా మీద నాకే రోత పుడుతుంది.

మర్నాడు ఆమెతో, పిల్లలకు టైముకి కావాలి, వంట ఇక నేనే చేసుకుంటానన్నాను. సాకు కూడా సరిగ్గా కుదరలేదు. "సరే మేడమ్" అంది. ఆమె నోట ఆ పిలుపు వినడం అదే మొదలు.

ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లో వహాకా తప్ప వేరే మాట లేదు. అక్కడ ఒక పల్లెటూరి ఆవిడ తన వంటింట్లో వంట నేర్పి, భోజనం పెడుతుందట. ఆయన దానికి ఐదుగురి పేర్లూ ఇచ్చాడు. "ఎంత శుభ్రంగా, కళగా ఉందో ఆవిడ" అని ఆవిడ ఫొటో చూసి అత్తయ్య మురిసిపోయింది. ఆవిడ వెనక గోడకు తగిలించిన గంపలో ఉన్నవి మిడతలే. అది చూశాక నేనిక ఉండబట్టలేకపోయాను.

"నేనూ తిన్నాను ఉసుళ్లు. ఏటేటా తిన్నాను" అన్నాను.

ఒక్కరూ ఛీ అనలేదు. అమ్మాయి "సో కూల్ అమ్మా!" అంది. ఆయన ముందే ఎందుకు చెప్పలేదని నన్నే కోప్పడి, "వీడియోలో నువ్వే మొదలుపెట్టాలి" అన్నాడు. అత్తయ్య "చిన్నతనం, ఏం తెలుసు పాపం" అని, పెరుగన్నం ఇంకాస్త కలిపి పెట్టమని కంచం నా ముందుకు జరిపింది.

"అయితే మన ఇంట్లో వంట మళ్లీ ఆమే చేస్తుంది" అన్నాను.

"ఆవిడా నువ్వూ ఒకటా?" అంది అత్తయ్య, నిజంగానే ఆశ్చర్యపోతూ.

అత్తయ్య కంచంలో కలుపుతున్న పెరుగన్నం అలాగే వదిలేసి లేచాను.

మర్నాడు పొద్దున్నే వంటగదిలోకి వెళ్లాను. ఆమె సింకు దగ్గర ఉంది. మా యాసలోనే చెప్పాను. "నేనూ తిన్నా. ఆపొద్దు అబద్ధం చెప్పినా. ఎవరేమన్నా అననీ, రేపట్నుంచి వంట నువ్వే చెయ్."

ఆమె చేతిలోని గిన్నె కడగడం పూర్తిచేసి, బోర్లించింది.

"మీరు తిన్నేది నాకు ఆపొద్దే తెలుసు మేడమ్. వంట వద్దులే. బాబు ముట్టకుండా వదిలేసిన చపాతీ ఉన్న్యాది గదా, ఆ ప్లేటు కడిగింది నేనే."