లిమరిక్ లైనుకు ఐదొందల ఓట్లు

డింప్నా గ్లీసన్ ముప్పయ్యొక్క ఏళ్లు క్లాక్‌జోర్డన్ దగ్గర రైల్వే గేటు కాపలా కాసింది. ఆ పని యంత్రానికి అప్పగించి ఆమెను ఇంటికి పంపిన ఏడాదే మోకాలికి ఆపరేషన్ అయింది. కదలకుండా ఒకచోట కూర్చుంటుందని మేనకోడలు కంప్యూటర్‌లో రైళ్లు నడిపే ఆట ఒకటి పెట్టిచ్చింది. మూడు వారాల్లో డింప్నా జర్మనీ, స్విట్జర్లాండ్, జపాన్ చుట్టేసింది. నాలుగో వారం చేతికర్ర పట్టుకుని, నేను పనిచేసే నీనా ఊరి లైబ్రరీకి వచ్చి నా బల్ల మీద ఒక్క చరుపు చరిచింది.

"ఏమే పిల్లా! ప్రపంచంలో ఉన్న రైలుమార్గాలన్నీ ఉన్నాయి అందులో. మన ఐర్లండ్‌ది మూరెడు పట్టా లేదు!"

ఆట తయారుచేసేవాళ్ల సైట్‌లో కొత్త మార్గం ప్రతిపాదించే దరఖాస్తు ఉంది. మూడు వందల మాటలు మించకూడదు. నెల రోజుల్లో ఐదు వందల మంది ఓటేస్తేనే వాళ్లు పరిశీలిస్తారు. డింప్నా ఒంటి వేలితో కొడితే ఆ నెలంతా టైపింగుకే సరిపోతుందని నేను కూర్చున్నాను.

"రాయి. లిమరిక్ నుంచి మన ఊళ్ల మీదుగా బాలీబ్రోఫీ దాకా."

పక్క బల్ల దగ్గర గుర్రప్పందాల పేజీ చూస్తున్న క్రిస్టీ ఓమేరా పగలబడి నవ్వాడు. అదే లైనులో ఇరవై ఏళ్లకు పైగా రైలు నడిపి రిటైరైన మనిషి.

"ఆ లైనా మహాతల్లీ! తొంభై కిలోమీటర్లకి రెండు గంటలు. ఆడేవాడు సగంలో గుర్రు పెడతాడు. డబ్లిన్ నుంచి కార్క్ పెట్టు, బాణంలా పోతుంది."

"బాణంలా పోతే ఏం కనిపిస్తుంది, నీ మొహం? ఇన్నేళ్లు నా గేటు దాటావు కదా, ఒక్కసారైనా చెయ్యి ఊపావా?"

"రోజూ ఊపాను! నువ్వే పాలు పొంగుతున్నాయంటూ లోపలికి పరిగెత్తేదానివి!"

లైబ్రరీలో తలలన్నీ ఇటు తిరిగాయి. నోరు మూయించాల్సింది నేనే. కానీ నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి వంగాను. లేచి చూసేసరికి క్రిస్టీ కుర్చీ లాక్కుని మా మధ్య కూర్చుని ఉన్నాడు.

"ముందు ఇది రాయి అమ్మాయ్. మన పట్టాల మధ్య ఐదడుగుల మూడంగుళాలు. ఇంగ్లండ్ కొలతలు వేస్తే ఒప్పుకునేది లేదని రాయి."

ఈ మార్గంలో ఆటగాళ్లకు దొరికే ఆనందం ఏమిటని దరఖాస్తు చివర్లో అడిగారు.

"ఆవులు," అంది డింప్నా. "ఏ ఆవు ఎవరిదో గుర్తుపట్టేంత నెమ్మదిగా వెళ్తామని రాయి."

అలాగే రాశాను.

ఇక ఓట్ల వేట. ఆదివారం చర్చి మెట్ల దగ్గర, హర్లింగ్ అనే కర్రబంతి ఆట విరామంలో, పశువుల సంతలో లైబ్రరీ టాబ్లెట్ పట్టుకుని డింప్నా మనుషులకు అడ్డం పడింది. జన్మలో కంప్యూటర్ ముట్టనివాళ్లు ఓటేశారు. ఓటుతోపాటు కోరికలూ రాశారు. మా నీలం గడ్డివాము షెడ్డు తప్పకుండా కనపడాలని ఒకరు. మా ఆయన రోజూ రాస్‌క్రే ప్లాట్‌ఫారం చివర నిలబడేవాడు, ఇప్పుడు లేడు, వీలైతే పెట్టండని ఒకావిడ. ఒసాకా నుంచి ఎవరో, ఆవుల సంగతి నిజమేనా అని అడిగారు. "ఒట్టు," అని జవాబు కొట్టించింది డింప్నా.

చివరి రోజు మధ్యాహ్నానికి ఇంకా ముప్పై రెండు తక్కువ. క్రిస్టీ బింగో హాల్లోకి దూరి, అంకెలు చదివే మనిషి చేతిలోంచి మైకు లాక్కున్నాడు. గంటలో ఐదు వందలు దాటింది.

మూడు వారాలకు జవాబొచ్చింది. ఈసారికి ఆల్ప్స్ కొండల మార్గం ఎంచుకున్నారట. డింప్నా రెండు రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. మూడో రోజు ఆ సైట్‌లో మా ప్రతిపాదన కింద ఒక కొత్త సందేశం కనిపించింది. రాడోస్లావ్ అని, లిమరిక్‌లో బస్సు నడిపే పోలండ్ మనిషి. ఆ ఆటకు సరదాగా మార్గాలు తయారుచేస్తాడు. నీనా నుంచి క్లాక్‌జోర్డన్ దాకా నేను చేస్తాను, ఫొటోలు, చప్పుళ్లు పంపండి అన్నాడు.

ఆ వేసవంతా మైకు పట్టుకుని డింప్నా, క్రిస్టీ ఇద్దరూ రోడ్ల వెంట తిరిగారు. రైలు వచ్చే సమయానికి అరిచిన కాకిని క్రిస్టీ తిట్టిన తిట్లు కూడా రికార్డయ్యాయి. రాడోస్లావ్ వాటిని తీసెయ్యలేదు.

అక్టోబరులో ఒక శనివారం లైబ్రరీ గోడ మీద తెర కట్టాం. నలభై మంది వచ్చారు. రాడోస్లావ్ చేసిన మార్గంలో రైలు నడుపుతూ డింప్నా నీనాలో బయల్దేరింది. ఆనందం పట్టలేక వేగం పెంచేసింది.

"బ్రేకు! బ్రేకెయ్యవే తల్లీ!" వెనక నుంచి క్రిస్టీ కేకలు.

మలుపులో రైలు పట్టాలు తప్పి పొలంలో పడింది.

"అయ్యో, నా బార్లీ!" అని ముందు వరసలో రైతు మల్కహీ తల పట్టుకున్నాడు. నవ్వులకు కిటికీలు అదిరాయి.

"జరుగు క్రిస్టీ. మళ్లీ నీనా నుంచి," అంది డింప్నా కళ్లు తుడుచుకుంటూ.

ఐదోసారి క్లాక్‌జోర్డన్ ప్లాట్‌ఫారం దగ్గర సరిగ్గా ఆపింది. బిడ్డ పుట్టినవాడిలా క్రిస్టీ గదిలో అందరికీ చేతులు కలుపుతూ తిరిగాడు. రాడోస్లావ్ సిగ్గుపడుతూ లేచి, తర్వాత ఎటు వైపు వెయ్యమంటారని అడిగాడు. నలభై మందీ ఒక్కసారిగా ఎవరి ఊరి పేరు వాళ్లు అరిచారు.