పద్నాలుగవ సంపుటి

గతవారం లౌతోకా బస్టాండులో లోవు వెళ్ళే బస్సు కోసం నిలబడి ఉండగా, పక్క బల్లమీద కూర్చున్న ఒక కళాశాల విద్యార్థిని జపాను బొమ్మల కథల పుస్తకాన్ని, వాళ్ళు మాంగా అని పిలిచేదాన్ని, చివరి అట్టవైపు నుంచి మొదలుపెట్టి చదువుకుంటూ కనిపించింది. అట్టమీది కత్తి పట్టిన కుర్రవాణ్ణి వెంటనే గుర్తుపట్టాను. కింద సంపుటి సంఖ్య నూట ఆరు. నేను ఆగినది ఇరవై రెండు దగ్గర.

ఈ దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే ఉపాధ్యాయ శిక్షణ ముగించుకుని, ఉద్యోగ విరమణ దాకా ఒక్కనాడైనా గంట కొట్టాక తరగతిలో అడుగుపెట్టని నేను, ఇటువంటి పుస్తకం పేరెత్తడం నా ఈడువారికి వింతగా తోచవచ్చు. విరమణ తరువాత మన సంఘం హాలులో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. అక్కడ నా నియమం ఒకటుండేది: తరగతిలో తీసుకున్న వస్తువు బీరువాలోకి పోతుంది, సంవత్సరాంతంలో చివరి ఆదివారం తిరిగి ఇవ్వబడుతుంది, అంతకుముందు ఎవరికీ ఇవ్వబడదు. ఆ నియమం కిందనే, వాచకం మాటున దాచుకు చదువుతున్న నా మేనకోడలి చేతినుంచి ఈ కథ పద్నాలుగవ సంపుటిని తీసుకున్నాను. ఆక్లండులోని దాని మేనమామ పంపేవాడు, ఆ సంపుటి ముందురోజే వచ్చింది.

ఆ పిల్ల ఏడవలేదు. తరగతి అయ్యాక నా బల్ల దగ్గరకు వచ్చి, "అత్తా, కితాబ్ నీ దగ్గరే ఉంచుకో. గురువమ్మ బచ్ గైస్ కి మర్ గైస్, అంతే బతాయ్ దో" అంది. కథలోని గురువమ్మ బతికిందో చచ్చిందో అంత మాత్రం చెబితే చాలునట. అలాంటి పుస్తకం నేను తెరవనన్నాను. వాకిట్లో నిలబడిన మా తమ్ముడు, దాని తండ్రి, "అక్క కబర్డ్‌లోకి పోతే జైలుకి పోయినట్టేరా బేటీ" అని నవ్వాడు. తరువాతి ఆదివారాల్లో కూడా అది అదే అడిగింది, నేను అదే చెప్పాను.

సైన్యం మరోసారి ప్రభుత్వాన్ని దించిన మరుసటి ఏడాది అది. సెప్టెంబరులో తమ్ముడి కుటుంబానికి బ్రిస్బేను వలస కాగితాలు వచ్చాయి. వాళ్ళను సాగనంపడానికి నాందీ విమానాశ్రయానికి వెళ్ళేముందు హాలుకు పోయి ఆ పుస్తకం నా చేతిసంచిలో పెట్టుకుని, మళ్ళీ తీసి బీరువాలో పెట్టాను. సంవత్సరం ఇంకా ముగియలేదు కదా అనుకున్నాను. ఇంతటి అన్యాయం నేను పాఠాలు చెప్పిన కాలమంతటిలో మరొకటి చేసినట్టు గుర్తులేదు, అయితే ఆనాడు అది క్రమశిక్షణ అనిపించింది.

పద్నాలుగు చదవందే తెరవనని పక్కన పెట్టిన తరువాతివాటితో కలిపి, మిగతా ఇరవై ఒక్క సంపుటాలనూ పిల్ల ఒక అట్టపెట్టెలో నా ఇంట వదిలి వెళ్ళింది. పురుగు పట్టకుండా వరుసగా సర్దుదామని తెరిస్తే, మొదటి సంపుటిలో ఒక చీటీ కనిపించింది. నేను దిద్దించిన తెలుగు అక్షరాలతో, వెనక నుంచి చదవాలి అత్తా, అని ఉంది. నవంబరులో ఇక్కడి వర్షాకాలం మొదలై, హాలులో పిల్లలు నలుగురికి తగ్గి, ఇంట్లో గడియారం చప్పుడే పెద్దదైన ఆ రోజుల్లో, ఒక మధ్యాహ్నం మొదలుపెట్టాను. మొదట ఏ బొమ్మ తరువాత ఏ బొమ్మో తెలియక కొట్టినవాడూ దెబ్బతిన్నవాడూ తారుమారయ్యారు. మూడవ సంపుటిలో ఆ కుర్రవాడికి కత్తి నేర్పే ముసలి గురువమ్మ వచ్చింది. ఎన్నడూ మెచ్చుకోని మనిషి. ఆమె బొమ్మ పక్కన పెన్సిలుతో చిన్నగా, అత్త, అని రాసి ఉంది.

పదమూడు ముగియగానే గొడుగు వేసుకుని హాలుకు వెళ్ళి బీరువా తెరిచాను. అక్కడే నిలబడి చదివాను. వంతెనమీద శిష్యుణ్ణి కాపాడుతూ గురువమ్మ చనిపోతుంది. పోయేముందు, నీ పట్టు సరిగా ఉంది, అని ఒక్కమాట అంటుంది.

ఆ సంపుటిని రిజిస్టరు పోస్టులో బ్రిస్బేను పంపి, గురువమ్మ సంగతంతా నాలుగు పుటల ఉత్తరంలో రాశాను. ఆరు వారాలకు పుస్తకం తిరిగి వచ్చింది. పిల్లకు ఇప్పుడు కొత్త బడి, కొత్త స్నేహితులు, ఆ కథ చదవడం మానేసింది, ఇది కూడా చేరి పెట్టె నిండుగా ఉండనిమ్మంది, అని తమ్ముడు ఫోనులో చెప్పాడు. మిగిలినవి చదివి, ఆ కుర్రవాడు గురువమ్మ ఊరికి బయలుదేరే ఇరవై రెండు దగ్గర ఆగాను. తరువాతిది తెచ్చేవారు లేరు.

ఈనాడు హాలులో తెలుగు తరగతి లేదు, బీరువా తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంది. బస్టాండులో ఆ అమ్మాయిని, ఆ కుర్రవాడు చివరికి గురువమ్మ ఊరు చేరాడా లేదా, అంత మాత్రం చెప్పు చాలు, అని అడుగుదామని నోరు తెరిచాను. ఆమె పుస్తకంనుంచి తల ఎత్తలేదు. లోవు బస్సు వచ్చింది, ఎక్కాను.