మౌలాలి నాలుక

బందరు శివారు అద్దకం షెడ్డులో గుడ్డ కాలువలోకి దిగాలంటే ముందు మౌలాలి ఆ నీళ్లు నోట్లో పోసుకోవాలి. పుక్కిలించి ఉమ్మి, "దించండి" అంటేనే దించుతారు. నీళ్లలో ఉప్పు తగిలితే, తర్వాత కాగులో ఎంత ఉడకబెట్టినా ఎరుపు తేలదు. అచ్చు కొట్టే చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయనకు మిగిలిన పని అదొక్కటే.

డెబ్బై ఏడు ఉప్పెనలో తుమ్మచెట్టు పట్టుకుని, సముద్రపు నీళ్లు మింగుతూ బతికాడు. అప్పటినుంచి ఆయనకు టీ కూడా ఉప్పగానే ఉండేది. "నీ నోట్లో సముద్రం ఉండిపోయిందయ్యా" అనేది భార్య నాగూర్ బీ.

షెడ్డులో మిగిలింది అటక మీద సరుకొక్కటే. అచ్చులు వేసి ఆరబెట్టిన దుప్పట్లు. వాటిని జాడించి, ఉడకబెట్టి బొంబాయి షావుకారుకు పంపితే షెడ్డు నడుస్తుంది, లేకపోతే మూత. యజమాని గోవర్ధనరావు ఆ మాట ఎవరి దగ్గరా దాచలేదు.

చలికాలం చివర ఒక పొద్దున అందరూ కాలువగట్టున నిలబడ్డారు. మౌలాలి నీళ్లు పుక్కిలించి ఉమ్మేశాడు.

"ఉప్పగా ఉన్నాయి బాబూ."

"నీకు టీ కూడా ఉప్పగానే ఉంటుందంటగా బాబాయ్!" అన్నాడు గోవర్ధనరావు. ఎవరో నవ్వారు.

గుడ్డలు జాడించే ప్రేమమ్మ దోసిలితో తాగి చూసింది. "ఏ ఉప్పూ లేదు మావయ్యా. మా నూతినీళ్లలాగే ఉన్నాయి. ఇవాళ కూడా పని లేదంటే పిల్లలకేం పెట్టను?"

ముందొక ముక్క ఉడకబెట్టి చూద్దామని మౌలాలి నోటిదాకా వచ్చింది. అలా అడిగితే తన నాలుక చెడిపోయిందని తనే ఒప్పుకున్నట్టు. ఇక షెడ్డులో తనకేం పని? మళ్లీ నీళ్లు పోసుకున్నాడు. అదే ఉప్పు. టీలో తగిలేదీ ఇదేగా, నీళ్లది కాదేమో అనుకున్నాడు.

"దించండి" అన్నాడు.

కాగులోంచి తీసిన మొదటి దుప్పటి మీద ఎరుపు, నానిన ఇటుకలాగా వచ్చింది. రెండోదీ అంతే.

"ఏదైనా చెయ్యి బాబాయ్!"

"ఉడికాక చేసేదేం లేదు బాబూ."

"దించమంది నువ్వేగా!"

మౌలాలి మళ్లీ కాగులోకి కర్ర దించాడు. పొయ్యి ఆరిపోయినా, కర్రతో గుడ్డలు తిప్పుతూనే ఉన్నాడు.

షెడ్డు మూతపడింది. ప్రేమమ్మ పిల్లల్ని తీసుకుని గుడివాడ వైపు పొలం పనులు వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

వానాకాలం ముందు కాలువకు కొత్తనీళ్లు వదిలారు. ఎప్పుడూ నూతినీళ్లతో కాచే నాగూర్ బీ ఆ పూట ఆ నీళ్లతో టీ కాచింది. ఒక గుక్క తాగి మౌలాలి ఆగిపోయాడు. ఉప్పు లేదు.

నూతినీళ్లు తెప్పించుకుని తాగాడు. ఉప్పు. ఆ గ్లాసే నాగూర్ బీకి ఇచ్చాడు.

"బానే ఉన్నాయిగా" అందామె.

"ఇప్పుడు కాలువనీళ్లు తాగు. తాగి మళ్లీ ఇవి తాగు."

ఆమె తాగింది. నూతినీళ్లు నోట్లో పడగానే ఉమ్మేసింది. ఉప్పెనప్పుడు సముద్రం నూతుల్లోకీ చేరింది. అప్పటినుంచి ఊరంతా ఆ నీళ్లే తాగుతూ వాటికి అలవాటు పడిపోయారు. మౌలాలి నాలుక మాత్రం పడలేదు.

గ్లాసు చేత్తో పట్టుకుని ఆయన కాలువగట్టుకు నడిచాడు. షెడ్డుకు తాళం వేసి ఉంది. గట్టున ఎవరూ లేరు. గ్లాసుతో కాలువనీళ్లు ముంచుకుని, పుక్కిలించి ఉమ్మి, "దించండి" అన్నాడు.