చెడ్డ ముచ్చట మెసేజ్ పెట్టనియ్యని మా పద్మక్క

నిన్న పొద్దున నిజామాబాద్‌లోని మా పద్మక్క దుకాణం నుంచి ఫోన్ వచ్చింది.

మెసేజ్ కాదు. ఫోన్.

స్క్రీన్ మీద ఆ పేరు చూడగానే చేస్తున్న పని వదిలేసి ఫోన్ ఎత్తాను. ఆ దుకాణం నుంచి ఫోన్ వచ్చిందంటే మంచి వార్త కాదు. ఆ రూల్ పెట్టింది మా పద్మక్కే.

అవతల గుమస్తా ఏడుస్తున్నాడు. "అక్క పోయింది అన్నా" అన్నాడు. గుండెపోటట.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. మొన్ననే బోధన్ వచ్చి, మా ఇంట్లో తిని, నా చెరుకు తోటకు బోలెడు వంకలు పెట్టి పోయిన మనిషి.

నిన్నంతా ఏడ్చాను. ఇవాళ మా అక్క గెలిచిన ముచ్చట చెప్తాను.

పద్మక్క మా పెదనాన్న కూతురు. అత్తగారింటివాళ్ళది గంజ్ మార్కెట్‌లో పసుపు అడ్తి దుకాణం. రైతుల పసుపు తూకం వేయించి, వ్యాపారులకు చూపించి అమ్మిపెట్టే పని. దాంట్లోకి, పనులను వరుసగా నడిపించే వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ తెస్తానంది అక్క. వాళ్ళ మామగారు ఒక్కటే మాట అన్నారు.

"ఒక్క సీజన్ సూస్త. రైతులు తగ్గిన్రా, కంప్యూటర్ బయటికి, నువ్వు ఇంట్లకు."

ఆ దుకాణమంటే అక్కకు ప్రాణం.

సాఫ్ట్‌వేర్ వాళ్ళేమో అన్నీ ఆటోమేట్ చేసేద్దాం మేడమ్ అన్నారు. అక్క వినే రకమా? గుమస్తాను, హమాలీలను కూర్చోబెట్టుకుని ఒక్కో పనికీ ఒకటే ప్రశ్న అడిగింది. "గీ పని రోజూ ఒక్క తీరే ఉంటదా, మనిషిని బట్టి మారుతదా?"

ఒక్క తీరు పనులు సాఫ్ట్‌వేర్‌కు. గేట్ ఎంట్రీ, తూకం చీటీ, సరుకు అమ్ముడుపోయిందన్న మెసేజ్. మారే పనులు మనుషులకు.

అంతా బాగానే నడిచింది, ఒక్కచోట తప్ప.

పసుపులో తేమ ఉంటే రైతు తెచ్చిన ఆ లాట్ వెనక్కి పంపుతారు. రైతుకు ఆ మాట చెప్పడం కూడా ఒక్క తీరు పనే అనుకుంది అక్క. సాఫ్ట్‌వేర్‌కే ఇచ్చేసింది.

ముప్కాల్ ఊరి రైతు లింగయ్యకు చదువు రాదు. మెసేజ్ వస్తే చాయ్ హోటల్‌కు పోయి చదివించుకుంటాడు. హోటలాయన ఎప్పటిలాగే గట్టిగా చదివాడు. "మీ సరుకు తిరస్కరించబడినది."

హోటల్లో ఉన్నవాళ్ళంతా విన్నారు. పాపం, లింగయ్య తల దించుకుని ఇంటికి పోయాడట.

ఆ తర్వాత ముప్కాల్ బండ్లన్నీ వేరే దుకాణం ముందు ఆగాయి.

"సూసినవా" అన్నారు మామగారు. "ఇగ బంద్ చెయ్."

అక్క బంద్ చేయలేదు. ముప్కాల్ బస్సెక్కింది. అదే హోటల్లో, అదే జనం ముందు, లింగయ్య ఎదురుగా కూర్చుంది.

"కాకా, తప్పు నాది. నీ పసుపు మంచిగున్నది. జర తేమున్నది, అంతే. ఎండకు ఆరవోసి మళ్ల పంపు. గీ ముచ్చట నేనే ఫోన్ చేసి చెప్పాల్సింది."

లింగయ్య తన చాయ్ గ్లాసు అక్క ముందుకు జరిపాడట. తర్వాత, "ఇంటికి పా బిడ్డా, బువ్వ తిని పోదువు" అన్నాడట.

అక్క దుకాణానికి వచ్చీరాగానే సాఫ్ట్‌వేర్‌లోంచి ఆ ఒక్క స్టెప్ తీయించింది. "మంచి ముచ్చట మెసేజ్‌ల పోనీ. చెడ్డ ముచ్చట మనిషే చెప్పాలె" అంది.

సీజన్ ఆఖరికి చూడాలి గంజ్‌లో మా అక్క వైభోగం. బండ్ల లైన్ దుకాణం దాటి రోడ్డెక్కింది. మొదటి బండి లింగయ్యది. మామగారు తాళాలు కోడలి చేతిలో పెట్టి, "మా కోడలు మిషిన్‌కు గూడ మర్యాద నేర్పింది" అని గంజ్ అంతా డప్పు కొట్టుకున్నారు. ఆ తర్వాత పక్క దుకాణాల వాళ్ళు కూడా ఏది ఆటోమేట్ చేయాలో, ఏది వద్దో అక్కనే అడిగేవాళ్ళు.

నిన్న ఆ దుకాణం నుంచి ఎవరికీ మెసేజ్ పోలేదు. ఒక్కో రైతుకూ ఫోన్ చేసి చెప్పారు. ముప్కాల్‌కు మామగారే చేశారు.

సాయంత్రానికి అక్క ఇంటి ముందు వీధి నిండిపోయింది. అందరికంటే ముందు లింగయ్య నిలబడి ఉన్నాడు.

అక్కా, ఫోన్లన్నీ అయిపోయాకే ఈ పోస్ట్ పెడుతున్నాను. నీ రూల్ తప్పలేదు.

ఇగ నిమ్మళంగా పండుకో.