సుగుణకి లియో అంకుల్ ఇచ్చిన సాక్ష్యం

బర్మింగ్‌హామ్‌లో పెర్షోర్ రోడ్డు దిగువన, యూదుల వృద్ధాశ్రమంలో సుగుణకుమారి ముసలివాళ్లని చూసుకునే సీనియర్ కేరర్‌గా చేరి 2007 నాటికి ఐదేళ్లు. వాళ్లది తెనాలి పక్కన పల్లె. భర్త యేసురాజు సిటీ బస్సు నడుపుతాడు. తొమ్మిదేళ్ల కూతురు దీనాకి తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పడం అలవాటు.

ఆశ్రమంలో చేరిన మొదటి వారమే సుగుణ అందరినీ అంకుల్, ఆంటీ అని పిలవడం మొదలుపెట్టింది. హానా ఆంటీకి ఆ పిలుపు తెగ నచ్చింది. ఆమె ఎనభై దాటిన రిటైర్డ్ టీచరమ్మ. గుండె బలహీనం, గొంతు మాత్రం క్లాసు మొత్తానికి వినబడేంత. లియో అంకుల్‌కి మాత్రం కోపం వచ్చింది. లాయర్ ఆఫీసులో నలభై ఏళ్లు కాగితాలు రాసిన మనిషి ఆయన.

"నీకు నేను అంకుల్ ఎలా అయ్యాను? అమ్మ తరఫునా, నాన్న తరఫునా?" అని నిలదీశాడు.

"వయసు తరఫున అండీ," అంది సుగుణ.

ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఆ వాదన నిలుస్తుంది," అని ఒప్పేసుకున్నాడు.

ప్రతి బుధవారం టీ వేళకి లాంజ్‌లో చర్చ జరిగేది. హానా ఆంటీ పేపర్లోంచి ఒక ప్రశ్న తీసుకొస్తుంది. చనిపోయాక అవయవాలు ఇవ్వచ్చా? యుద్ధం వద్దన్నవాడు పన్ను కట్టచ్చా? ఇలాంటివి. ఆమె ఒకటంటే లియో ఇంకోటంటాడు. తమ మతంలోని పూర్వపు గురువులు ఏమన్నారో ఇద్దరూ వేళ్ల మీద చెబుతారు. గొంతులు లేస్తాయి, టీలు చల్లారిపోతాయి. కొత్తలో గొడవనుకుని సుగుణ కంగారుపడి పరిగెత్తుకొచ్చింది. "ఏం కాలేదమ్మా, మేం చాలా సంతోషంగా ఉన్నాం," అంది హానా ఆంటీ.

ఒక బుధవారం సుగుణే ఉండబట్టలేక అడిగింది. "నాదో ప్రశ్నండీ. ఎస్తేరమ్మగారు రోజూ పొద్దున్నే 'మా ఆయన ఏడీ?' అని అడుగుతారు. ఆయన పోయి పదేళ్లు. నిజం చెబితే అప్పుడే విన్నట్టు ఏడుస్తారు. అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాదు. ఏం చెయ్యాలి?"

మతిమరుపు ముదిరిన ఎస్తేర్ అనే ఆవిడని సుగుణ మాత్రమే ఎస్తేరమ్మ అనేది. తన నాయనమ్మ పేరూ అదే.

"అబద్ధానికి దూరంగా ఉండమన్నారు. అంతే," అన్నాడు లియో.

"భార్యాభర్తల మధ్య శాంతి కోసం దేవుడే ఒకసారి మాట మార్చి చెప్పాడని గురువులు అనలేదూ?" అని హానా ఆంటీ లేచింది.

గంటన్నర వాదించుకున్నారు. చివరికి లియోనే అన్నాడు: "ఆమె అడిగేది ఆయన ఎక్కడున్నాడని కాదేమో. ఆయన గురించి మాట్లాడాలని అడుగుతోందేమో. ఆయన సంగతులు చెప్పమని నువ్వే అడిగి చూడు. అందులో అబద్ధం లేదు, దెబ్బా లేదు."

మర్నాడు సుగుణ అలాగే అడిగింది. ఎస్తేరమ్మ ఏడవలేదు. మొగుడు డాన్సు చేస్తూ తన కాలు ఎలా తొక్కేవాడో అభినయించి మరీ చెప్పింది. సుగుణ నవ్వు ఆపుకోలేక పరిగెత్తుకెళ్లి లియోకి చెప్పింది. ఆ రోజు నుంచి బుధవారం చర్చలో ఆమెకీ ఒక కుర్చీ వేశారు.

2007 అక్టోబర్లో ఉత్తరం వచ్చింది. వర్క్ పర్మిట్ పొడిగించడం కుదరదని. రూల్స్ మారాయి, ఆమె చేసేది నైపుణ్యం ఉన్న పని కిందకి రాదట. జనవరి ఆఖరులోపు కుటుంబంతో సహా దేశం వదలాలి.

సుగుణ ఆ కాగితం మూడుసార్లు చదివింది. వెళ్లిపోమన్నందుకు కాదు, ఆ 'నైపుణ్యం లేదు' అన్న మాటకే ఆమెకి ఒళ్లు మండింది. "ఏవండీ, నాకు పని రాదంట!" అంది యేసురాజుతో. దీనా ఉత్తరం లాక్కుని చదివి, "దట్స్ రబ్బిష్, మమ్మీ," అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆ బుధవారం వేరే ప్రశ్న అవసరం లేకపోయింది. హానా ఆంటీ కర్ర నేలకేసి కొట్టింది.

"పరదేశిని బాధపెట్టొద్దని మన లేఖనాల్లో ముప్పై ఆరు చోట్ల ఉందని గురువులు లెక్కపెట్టారు. ఎందుకు? మనం ఈజిప్టులో పరదేశులం కాబట్టి!"

"ఐగుప్తు," అంది సుగుణ తనలో తాను. ఈజిప్టుకి తెలుగు బైబిల్లో పేరు అది, సండే స్కూల్లో నేర్చుకున్న మాట. ఇంత దూరంలో, ఇంత మంది ముసలివాళ్లు తన కోసమే ఆ సంగతి ఎత్తుతారని ఆమె కలలో కూడా అనుకోలేదు.

హానా ఆంటీ అప్పటికే అర్జీ రాసి ఉంచింది. ముప్పై ఒక్కమంది సంతకాలు పెట్టారు. లియో దగ్గరికి వచ్చేసరికి ఆయన చదివి, పెన్ను మూత పెట్టేశాడు.

"నేను పెట్టను. దేశపు చట్టం మనకీ చట్టమే అని గురువులు చెప్పారు."

హానా ఆంటీ ముఖం ఎర్రబడింది. "పదకొండేళ్లప్పుడు నాజీలకి దొరక్కుండా వియన్నా నుంచి రైల్లో ఒంటరిగా వచ్చావు నువ్వు! నిన్ను ఈ దేశం రానివ్వకపోతే ఏమయ్యేవాడివి?"

"రానిచ్చింది చట్టమే కదా హానా. మా అమ్మానాన్నల్ని రానివ్వనిదీ చట్టమే. కాబట్టి దాన్ని నేను ఆషామాషీగా తీసుకోను." ఆయన అర్జీ మీద వేలు పెట్టి చూపించాడు. "పైగా నీ అర్జీలో రెండు అబద్ధాలున్నాయి. సుగుణ నర్సు అని రాశావు, కాదు. ఆమె వెళ్తే ఆశ్రమం మూతపడుతుందన్నావు, పడదు. చట్టం ముందుకి అబద్ధంతో వెళ్తే ఆ పిల్లకే చేటు. అది నైపుణ్యం అడుగుతోంది. అయితే నైపుణ్యం చూపిద్దాం. నాకొక నోట్‌బుక్ తెప్పించండి."

మర్నాటి నుంచి లియో అంకుల్ సుగుణ వెనకాలే తిరిగాడు. చేతిలో నీలం నోట్‌బుక్, చెవి మీద పెన్సిల్. ఆమె ట్రాలీ తోస్తే ఆయన వాకింగ్ స్టిక్ టకటకలాడిస్తూ వెనక. శనివారం, యూదుల విశ్రాంతి దినాన, రాయకూడదు కనక చూసి గుర్తు పెట్టుకుని, చీకటి పడ్డాక రాసుకున్నాడు.

"పక్షవాతం వచ్చిన ఆయనకి కప్పు కుడివైపే ఎందుకు పెట్టావు?"

"ఎడమవైపు ఉన్నవి ఆయన బుర్రకి అందవు అంకుల్. అక్కడ పెడితే దాహంతోనే కూర్చుంటారు."

"ఆవిడకి జ్వరం లేదుగా. మూత్రం టెస్ట్ చేయించమని జీపీ డాక్టరుకి ఎందుకు ఫోన్ చేశావు?"

"నిన్నటిదాకా నా పేరు చెప్పినావిడ ఇవాళ నన్ను వాళ్ల చెల్లెలు అనుకుంటోంది. ఈ వయసులో హఠాత్తుగా తికమక పడితే ముందు ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి."

సాయంత్రానికి టెస్టులో ఇన్‌ఫెక్షన్ తేలింది. లియో ఆ లైను కింద రెండు గీతలు గీశాడు. నీళ్లు సరిగ్గా మింగలేని వాళ్లకి ఏది ఎంత చిక్కగా కలపాలో, వాళ్ల ఆచారం ప్రకారం పాలకీ మాంసానికీ వాడే గిన్నెలు కలవకుండా ఎలా చూడాలో, ఎస్తేరమ్మని మొగుడి సంగతులు ఎలా అడగాలో, అన్నీ రాశాడు. వారం తిరిగేసరికి నలభై రెండు పేజీలు. చివరి పేజీలో ఒక్క మాట: ఇందులో ఉన్నదంతా నేను కళ్లారా చూశాను. కింద సంతకం.

ఇక దాన్ని తీసుకుని ఎం.పి. సర్జరీకి వెళ్లాలన్నాడు. సుగుణ హడలిపోయింది. "ఆపరేషన్ ఎవరికండీ?" యేసురాజు పడీపడీ నవ్వాడు. జనం వచ్చి తమ కష్టాలు చెప్పుకోవడానికి ఎం.పి. కూర్చునే వేళని కూడా ఇక్కడ సర్జరీ అంటారని బస్సులో ఎవరో చెప్పగా విన్నాడట.

దొరికిన అపాయింట్‌మెంట్ డిసెంబర్ మొదటి శుక్రవారం, రెండున్నరకి, లైబ్రరీలో. శుక్రవారం అనగానే లియో, హానా ముఖాలు చూసుకున్నారు. డిసెంబర్లో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. అప్పటి నుంచే విశ్రాంతి దినం మొదలు, ఆపైన లియో బండెక్కడు.

"రెండున్నరకి మాట్లాడి మూడింటికి బయల్దేరితే సరిపోతుంది," అన్నాడు యేసురాజు. ఆ రోజు సెలవు పెట్టి ఆశ్రమం మినీబస్సు తనే నడుపుతానన్నాడు.

రెండున్నర కాస్తా మూడయింది. ముందున్నాయన పక్కింటి చెట్టు గురించి చెబుతూనే ఉన్నాడు. లియో వాచీ చూసుకుంటున్నాడు, హానా ఆంటీ చెట్టుని తిట్టుకుంటోంది. మూడూ ఐదుకి లోపలికి పిలిచారు.

ఎం.పి.గారు బాగా అలసిపోయినావిడ. నోట్‌బుక్ మర్యాదకి తెరిచారు. ఒక పేజీ తిప్పారు, ఇంకో పేజీ తిప్పారు. తర్వాత కుర్చీలో ముందుకి జరిగారు.

"కప్పు కుడివైపు పెట్టడం... ఇది నిజంగా అంత ముఖ్యమా?" అని సుగుణనే అడిగారు.

సుగుణ గొంతు విప్పింది. "మేడమ్, కప్పు ఎడమవైపు ఉంటే ఆయన తాగడు. తాగకపోతే రెండు రోజుల్లో హాస్పిటల్. అది తెలుసుకుని పెట్టడమే నా పని. దాన్ని పని రానిదంటే నేనొప్పుకోను."

హానా ఆంటీ చప్పట్లు కొట్టబోయి ఆగింది. ఎం.పి.గారు నోట్‌బుక్ మొత్తం కాపీలు తీయించి, సోమవారం తనే మంత్రికి రాస్తానన్నారు. "నైపుణ్యం గురించి ఇంత వివరంగా ఎవరూ నాకు రాసివ్వలేదు," అన్నారు లియోతో.

"అందులో విశేషణాలు లేవు, గమనించారా?" అన్నాడు లియో.

బయటికొచ్చేసరికి మూడూ ఇరవై ఐదు. బండెక్కారు. క్రిస్మస్ షాపింగ్ జనం ఒకవైపు, గ్యాస్ పైపుల తవ్వకాలు ఇంకోవైపు, పెర్షోర్ రోడ్డు కదలడంలేదు. మూడూ నలభై. మూడూ యాభై. వాన మొదలైంది. ఆశ్రమం ఇంకా అర మైలు.

"ఆపు," అన్నాడు లియో. నోట్‌బుక్, పెన్ను, తాళాలు తీసి యేసురాజు సీటు పక్కన పెట్టాడు. విశ్రాంతి దినాన వీధిలో ఏదీ మోయకూడదు. హానా ఆంటీ కూడా కర్ర అందుకుంది.

"నువ్వు కూర్చో!" అని గట్టిగా అన్నాడు ఆయన. "ఈ చలిలో నీ గుండెతో అర మైలా? ప్రాణం ముందు, విశ్రాంతి దినం తర్వాత."

"నేనేం చచ్చిపోవడంలేదు లియో."

"అనుమానం చాలు. ప్రాణం విషయంలో అనుమానం ఉంటే ఇంక వాదన లేదు. నువ్వు బండిలో రావడమే దేవుడి ఆజ్ఞ."

జీవితంలో మొదటిసారి హానా ఆంటీ ఆయన వాదనకి లొంగి కర్ర కింద పెట్టింది.

సుగుణ లియోతో పాటు దిగింది. గొడుగు విప్పి ఆయన మీద పట్టబోయింది. "నా కోసం పట్టొద్దు. విశ్రాంతి దినాన మేం గొడుగు విప్పకూడదు, ఇంకొకరిని విప్పమని అడగనూ కూడదు," అన్నాడు. ఆమె గొడుగు ఇద్దరి మధ్యకి జరిపింది.

"నా కోసమే పట్టుకున్నానండీ. కాకపోతే నాకు మీ పక్కనే నడవడం అలవాటు."

లియో ఆగి, ఆమెని ఎగాదిగా చూసి, పగలబడి నవ్వాడు. "బుధవారాలు ఊరికే పోలేదు!" వానలో, ఆగిపోయిన కార్ల పక్కనుంచి, ఇద్దరూ వడివడిగా నడిచారు. ఆయనకి డెబ్బై తొమ్మిదేళ్లు. ఆవేళ ఆమె ఆయనతో సమానంగా నడవడానికి ఆయాసపడింది. ఎం.పి. ఏమన్నారో, తను ఏమందో, మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు.

లోపలికి అడుగుపెట్టేసరికి లాంజ్‌లో విశ్రాంతి దినపు దీపాలు వెలుగుతున్నాయి. ప్రతి శుక్రవారం వెలిగించేది హానా ఆంటీ. ఆమె లేదని అందరూ తటపటాయిస్తుంటే, సొంత గది నంబరు కూడా గుర్తులేని ఎస్తేరమ్మ లేచి, వేళకి వెలిగించి, ప్రార్థన ఒక్క అక్షరం పోకుండా చెప్పిందట. వెనకే బండి దిగి వచ్చిన హానా ఆంటీ ఆ మాట విని గుమ్మంలోనే నిలబడిపోయింది. తడిసిన కోటుతోనే వెళ్లి ఎస్తేరమ్మని కౌగిలించుకుంది.

జనవరి సగం గడిచింది. ఇంట్లో సూట్‌కేసులు కిందకి దించారు గానీ సర్దడానికి ఎవరికీ చేతులు రాలేదు. పంతొమ్మిదో తేదీ శనివారం పోస్టులో ఉత్తరం వచ్చింది. ఆమె కేసు మళ్లీ పరిశీలించారు, పర్మిట్ మూడేళ్లు పొడిగించారు. దీనా మెట్లు రెండేసి దూకుతూ వచ్చి, "మమ్మీ, మనం వెళ్లటంలేదు!" అని అరిచింది, తెలుగులో. యేసురాజు అక్కడే వంటింట్లో మోకాళ్లూని స్తోత్రం చెప్పాడు.

శనివారం లియో ఫోన్ ఎత్తడు. సుగుణ కోటు వేసుకుని మొదటి బస్సెక్కి ఆశ్రమానికి వెళ్లిపోయింది. లియో ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా, కింద చిన్న అక్షరాలతో సహా చదివాడు. మడిచి ఇచ్చాడు. ఆమె చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. హానా ఆంటీ మాత్రం కారిడార్ అంతా వినబడేలా అరిచి అందరికీ చెప్పింది.

వాళ్ల ఆహార నియమాల వల్ల బయటి వంట ఆశ్రమంలోకి తేకూడదు. అందుకని తర్వాతి బుధవారం సుగుణ అక్కడి వంటింట్లోనే, వాళ్ల గిన్నెల్లోనే, వంటావిడ ప్రతి పొట్లం మీదా లేబుల్ చదివి సరేనన్నాకే చింతపండు పులిహోర కలిపింది. లియో మొదటి ముద్దకే దగ్గి, కళ్లు తుడుచుకుని, ఇది వృద్ధుల మీద దాడి అన్నాడు. తర్వాత మూడుసార్లు వడ్డించుకున్నాడు.