బాబాయి వంచిన ఫొటో

ఆ రోజుల్లో ఉదయం ఎనిమిదీ నలభై అయ్యేసరికి మా బాబాయి స్కూటరును ఓ పక్కకి వంచేవాడు. కాసేపు అలాగే పట్టుకుని, మళ్ళీ నిటారుగా లేపి, కిక్కు కొట్టేవాడు. వంచకపోతే పెట్రోలు దిగదని ఆయన నమ్మకం. ఢిల్లీలో స్కూటరున్న ప్రభుత్వోద్యోగులందరి నమ్మకమూ అదే. ఆర్కే పురం క్వార్టర్ల ముందు ఆ వేళకి వరసగా స్కూటర్లు వంగుతుంటే చూడముచ్చటగా ఉండేది. (ఆ దృశ్యాన్ని ఫొటో తీయాలని మాత్రం నాకు ఒక్కనాడూ తోచలేదు. నేను అప్పుడు గొప్ప ఫొటోల కోసం వెతుకుతున్నాను.)

నేను వసంత్ కుంజ్ దగ్గర గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నానని ఇంట్లో అనుకునేవారు. నిజానికి నేను చదువుతున్నది దరియాగంజ్ పేవ్‌మెంటు మీద కొన్న ఒక ఫొటోగ్రఫీ పుస్తకం. నలుపు తెలుపు ఫొటోలో రంగులుండవు కాబట్టి భారమంతా గీతలే మోయాలని అందులో రాశారు. అడ్డగీత పడుకుంటుంది, నిలువు గీత నిలబడుతుంది, ఏటవాలు గీత పరుగెడుతుంది. ఈ మాట నాకు బాగా తలకెక్కింది. అప్పటినుంచి మెట్ల కటకటాలు, ఫ్లైఓవర్లు, బస్టాపు నీడలు, ఏది కనబడినా కెమెరా పక్కకి వాల్చి తీసేవాణ్ణి. మనుషుల్ని తీసేవాణ్ణి కాదు. వాళ్ళలో తగినన్ని గీతలు ఉండవు.

బాబాయి రిటైరయ్యే రోజు వచ్చింది. మర్నాడే సామాను లారీ, ఘాజియాబాద్ ఫ్లాటుకి మకాం. పెళ్ళయి కాపురానికొచ్చిన నాటినుంచి పిన్ని ఉన్నది ఆ క్వార్టర్లోనే. అన్నేళ్ళలో ఆ ఇంటికి ఒక్క ఫొటో లేదు. ఆఖరిసారి ఆఫీసుకి బయల్దేరుతూ బాబాయి నన్ను పిలిచాడు.

"ఒరేయ్, తలుపూ, నంబరూ, స్కూటరూ, మేం ముగ్గురం. అంతా పడాలి. రేపట్నించి ఈ ఇల్లు మనది కాదు."

నా రీలులో ఒకే ఒక్క ఫొటో మిగిలి ఉంది. (తక్కినదంతా కటకటాలకు ఖర్చయింది.) పొగమంచు లేని జనవరి ఎండ. మెట్ల చువ్వల నీడలు ఏటవాలుగా వచ్చి పిన్ని మొహం మీద చారలు చారలుగా పడుతున్నాయి. ఇంతకన్నా అదృష్టం ఉండదనుకున్నాను.

"నీడ పడుతోంది నాయనా, కాస్త ఇటు జరగనా?" అంది పిన్ని.

"కదలకు పిన్నీ! అదే అసలు ప్యాటర్ను."

"ప్యాటర్నో ఏమో, ఎవరైనా చూస్తే నన్ను జైల్లో వేశారనుకుంటారు."

ఇంటర్ చదివే మా చెల్లెలు, అంటే బాబాయి కూతురు, నా చేతులకేసి చూసింది. "అన్నయ్యా, కెమెరా టేఢా హై, వంకరగా ఉంది. సీధా పట్టుకో నా!"

"అది డయాగొనల్. ఫొటోకి చలనం వస్తుంది."

"మేం పరిగెత్తడం లేదు కదరా, ఇల్లు ఖాళీ చేస్తున్నాం," అన్నాడు బాబాయి. ఇంకా ఏదో అనబోయి గడియారం చూసుకున్నాడు. ఎనిమిదీ నలభై. చెయ్యి దానంతటదే స్కూటరును వంచింది. నేను నొక్కాను.

నలుపు తెలుపు రీలు కడిగే స్టూడియోలు అప్పటికే తగ్గిపోయాయి. ప్రింటు వచ్చేసరికి క్వార్టరుకి కొత్త సున్నం, కొత్త నేమ్‌ప్లేటు. ఫొటోలో ఇల్లు పక్కకి ఒరిగి ఉంది. ముగ్గురూ ఓడ మునుగుతుండగా నిలబడ్డట్టున్నారు. పిన్ని ఖైదీయే. అందులో నిటారుగా ఉన్నది బాబాయి వంచిన స్కూటరొక్కటే.

పిన్ని ఫొటో చూసింది. కొంగుతో దాని మీద దుమ్ము తుడిచింది. (దుమ్మేమీ లేదు.) పుస్తకంలో ఈ పరిస్థితికి ఏ గీతా చెప్పలేదు.

బాబాయి మాత్రం దాన్ని ఫ్రేము కట్టించి, కొత్త హాల్లో మేకు కొట్టి తగిలించాడు. దూరం జరిగి చూశాడు. మళ్ళీ దగ్గరికెళ్ళి, ఫ్రేమును ఓ పక్కకి వంచి, జారకుండా వెనక అట్టముక్క దోపాడు. ఫ్రేము వంకర పోయింది. లోపల ఇల్లు నిలబడింది. మనుషులు నిలబడ్డారు. స్కూటరు ఎప్పటిలాగే వంగింది.

"వంచితేనేరా పెట్రోలు దిగేది," అన్నాడు.

వచ్చినవాళ్ళంతా దాన్ని సరిచేయబోయేవారు. "అంకుల్, ఫొటో వంకరైంది," అని ఎవరో ఒకరు లేచేవారు. ఆయన "అచ్ఛా, అచ్ఛా" అని ఊరుకుని, వాళ్ళు లిఫ్టు ఎక్కగానే మళ్ళీ వంచేవాడు.

సివిల్స్ నాకు రాలేదు. ఫొటోగ్రఫీ కూడా రాలేదు. గురుగ్రామ్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. కిందటేడు బాబాయి కర్మలకు వచ్చినవాళ్ళలో ఎవరో ఆ ఫ్రేమును నిటారుగా సరిచేసి, అట్టముక్క తీసేశారు. ఆదివారాలు పిన్ని దగ్గరికి వెళ్ళినప్పుడు కాస్త మెడ వాల్చి దాన్ని చూస్తాను. ఏటవాలు గీత కోసం తంటాలుపడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పిన్ని కూడా పక్కన నిలబడి మెడ వాలుస్తుంది. ఫ్రేమును మాత్రం ఇప్పుడు ఎవరూ వంచడం లేదు.